మనస్సు నలిగినప్పుడు ఎవరియొద్దకు వెళ్లాలి?

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన వాక్యభాగము: మార్కు సువార్త 10వ అధ్యాయము, 46 నుండి 52 వచనములు

 

ప్రియ సహోదరీ సహోదరులారా, యెరికో పట్టణపు దారి పక్కన ఒక గుడ్డివాడు బిచ్చమెత్తుకుంటూ కూర్చున్నాడు. అతని పేరు బర్తిమయి. యేసు ఆ దారిన వెళ్తున్నాడని విని, కనికరించమని కేకలు వేశాడు. ఈ కథ మనకు ఆదివారపు బడి నాటినుండి తెలిసినదే. అయితే ఈ దినము దీనిని ఒక ప్రత్యేకమైన అవసరము వైపునుండి ధ్యానిద్దాము. శరీరములో కాక మనస్సులో గాయపడినవారి అవసరము అది.

కొందరు నన్ను ఇలా అడుగుతుంటారు: "అయ్యగారూ, మా అబ్బాయి మనసు బాగోలేదు. కౌన్సిలర్‌కు చూపించమంటున్నారు. అలా చూపిస్తే మనకు విశ్వాసము లేనట్టేనా? వెళ్తే ఎవరి దగ్గరకు వెళ్లాలి? క్రైస్తవుడే కావాలా? మాకు దగ్గరలో ఎవరున్నారు?" ఇవి మంచి ప్రశ్నలు. వీటికి జవాబు దొరకక చాలా కుటుంబాలు ఏళ్లకేళ్లు కుమిలిపోతున్నాయి. అందుచేత ఈ భాగములోనుండి నాలుగు సంగతులు మీ ముందుంచుతాను. దయచేసి ఒక కాగితము, పెన్ను దగ్గర పెట్టుకోండి.

1. నోరు మూయించిన గుంపు

బర్తిమయి కేక వేయగానే చుట్టూ ఉన్నవాళ్లు చాలామంది అతనిని కసిరారు. వాళ్లు ప్రభువుకు శత్రువులు కారండీ. ప్రభువు వెంట నడుస్తున్నవారే. అయినా బాధపడేవాని కేక వాళ్లకు ఇబ్బందిగా తోచింది.

మన సంఘాలలో కూడా ఇది జరుగుతుంది. కాన్పయిన ఒక తల్లికి నెలరోజులుగా ఏడుపు ఆగదు, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాదు. "బంగారము లాంటి బిడ్డనిచ్చాడు దేవుడు, నీకు కృతజ్ఞత లేదా?" అంటాము. ఇంటర్ తప్పిన కుర్రవాడు గదిలోనుండి బయటకు రాడు. "ప్రార్థన తగ్గించావు, అందుకే ఇలా" అంటాము. అప్పులపాలైన రైతుకు రాత్రులు కన్ను మూతపడదు. "ప్రభువు చూసుకుంటాడులే" అని భుజము తట్టి మన దారిన మనము వెళ్లిపోతాము. మాటల్లో తప్పు లేదు. కానీ ఎదుటివాని బాధ వినకుండా చెప్పిన మాట, అది ఎంత మంచి మాటైనా, నోరు మూయించే మాటే అవుతుంది.

మరికొందరు వెంటనే "ఇది దయ్యము పని" అని తీర్మానము చేస్తారు. మత్తయి సువార్త 4వ అధ్యాయము చివరి వచనాలు జాగ్రత్తగా చదవండి. ప్రభువు దగ్గరకు తెచ్చినవారిని లెక్కపెడుతూ మత్తయి దయ్యము పట్టినవారిని వేరుగా, మూర్ఛరోగులను వేరుగా, పక్షవాతము వచ్చినవారిని వేరుగా చెప్పాడు. అన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. మనమెందుకు కట్టాలి? మానసిక రోగిని గొలుసులతో కట్టివేయడము మన దేశములో చట్టవిరుద్ధము. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము దానిని ఏ రూపములోనైనా సరే నిషేధించింది. ప్రార్థనా స్థలమైనా, ఇల్లయినా ఆ అమానుషము జరగకూడదు.

అయితే దేవుడు బాగుచేయగలడు గదా, మనుష్యులతో పనేమిటి అంటారా? హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడకలో ఉన్నప్పుడు కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆ ప్రార్థన విన్నాడు. విన్న తరువాత ఏమి జరిగింది? యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. ప్రార్థన విన్న దేవుడే మందు కట్టు కూడా వేయించాడు. 1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా ఎడారిలో చెట్టుకింద కూలబడి తన ప్రాణము తీసివేయమని అడిగాడు. దేవుడు అతనిని గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చి మళ్లీ తినిపించాడు. మాట్లాడించింది ఆ తరువాతే. నలిగిన మనస్సుతో దేవుడు ఎలా వ్యవహరిస్తాడో ఇక్కడ చూడండి.

సంఘ చరిత్రలో కూడా ఇది కొత్త కాదు. ప్రసంగీకులలో రారాజుగా పేరుపొందిన స్పర్జన్ గారు 22 ఏళ్ల వయస్సులో, 1856 అక్టోబరులో, లండన్‌లో ఒక పెద్ద హాలులో ఆరాధన నడిపిస్తుండగా ఎవరో నిప్పంటుకుందని అబద్ధపు కేక వేశారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆ దెబ్బకు ఆయన మనస్సు కుంగిపోయింది. ఆ తరువాత కూడా జీవితకాలమంతా ఆ కుంగుదల అప్పుడప్పుడూ ఆయనను పట్టి పీడించింది. దానిని ఆయన దాచుకోలేదు, తన ప్రసంగాలలోనే చెప్పుకున్నాడు. మన దేశములో సువార్త పనిచేసిన ఇ. స్టాన్లీ జోన్స్ గారు 1950లో లక్నో పట్టణములో నూర్ మంజిల్ అనే మానసిక వైద్య కేంద్రమును స్థాపించారు. మన తెలుగువారు ఎంతోమంది వెళ్లే రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి కూడా బాగాయము దగ్గర మానసిక ఆరోగ్య కేంద్రము ఉన్నది. గుండెకు, కిడ్నీకి రాయవేలూరు వెళ్లినప్పుడు విశ్వాసము తగ్గలేదు గదా? మనస్సుకు వెళ్తే మాత్రము ఎందుకు తగ్గుతుంది?

2. ప్రభువు అడిగిన ప్రశ్న

ఇప్పుడు రెండవ సంగతి. బర్తిమయి గుడ్డివాడని చూసేవారందరికీ తెలుస్తూనే ఉంది. అయినా ప్రభువు అతనిని పిలిపించి, నీకు ఏమి కావాలి అని అడిగాడు. ఎందుకు? తన అవసరము ఏమిటో తన నోటితో చెప్పుకొనే గౌరవము అతనికిచ్చాడు. బిచ్చము అడగవచ్చు, బట్ట అడగవచ్చు. అతడు చూపు అడిగాడు.

సహాయము వెదకబోయే ముందు మనము కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. "మంచి డాక్టరు ఎవరు?" అనే ప్రశ్న తరువాత. "నాకున్న అవసరము ఏమిటి?" అనే ప్రశ్న ముందు. ఎందుకంటే మనస్సుకు సహాయము చేసేవారందరూ ఒకే పని చేయరు.

సైకియాట్రిస్ట్ అంటే మానసిక వైద్యుడు. ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన ఎం.డి. గాని డి.పి.ఎం. గాని చేసిన డాక్టరు. ఈయన మందులు వ్రాస్తారు. వారాల తరబడి నిద్రాహారాలు లేకపోవడము, పని చేసుకోలేకపోవడము, లేని మాటలు వినబడడము, అందరూ తనకు కీడు తలపెట్టారని అనుమానించడము, చనిపోవాలన్న తలంపులు, తాగుడు మానలేకపోవడము వంటివి ఉంటే మొదట చూడవలసింది ఈయననే. రోజూ ఎక్కువగా తాగేవారిని ఒక్కసారిగా మాన్పించి ఇంట్లో పెట్టి ప్రార్థన చేయిస్తే చాలని అనుకోకండి. హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు, ప్రాణము మీదకు రావచ్చు. మాన్పించండి, డాక్టరు పర్యవేక్షణలో మాన్పించండి.

క్లినికల్ సైకాలజిస్ట్ మందులు వ్రాయరు. మాటల ద్వారా, క్రమపద్ధతిలో చికిత్స చేస్తారు, పరీక్షలు కూడా చేస్తారు. పిల్లవాడు ఎంత చదివినా అక్షరాలు పట్టుబడకపోవడము, విడువని భయాలు, చేతులు పదేపదే కడుక్కోవడము, ఒక ప్రమాదమో అత్యాచారమో జరిగిన తరువాత ఆ జ్ఞాపకాలు వెంటాడడము వంటివాటికి వీరి సహాయము ఎంతో మేలు చేస్తుంది. వీరు భారత పునరావాస మండలిలో, అంటే ఆర్.సి.ఐ.లో, పేరు నమోదు చేసుకుని ఉండాలి. ఆ నంబరు వారికి ఉంటుంది. అడగండి, అడగడము అమర్యాద కాదు.

కౌన్సిలర్ అంటే సైకాలజీ గాని, సోషల్ వర్క్ గాని చదివి, సలహా సంప్రదింపులలో శిక్షణ పొందినవారు. భార్యాభర్తల మధ్య మాట పట్టింపులు, ఆప్తులు చనిపోయిన దుఃఖము, చదువుల ఒత్తిడి, ఉద్యోగము పోయిన దిగులు వంటి వాటికి వీరు తగినవారు. అయితే ఒక హెచ్చరిక. వారాంతపు తరగతులు రెండు చూసుకుని కౌన్సిలర్ అని బోర్డు పెట్టుకున్నవారూ ఉన్నారు. అందుచేత ఏమి చదివారు, ఎక్కడ చదివారు అని తప్పక అడగాలి.

మరి పాస్టరు? పాస్టరు వింటాడు, ప్రార్థిస్తాడు, వాక్యముతో ఆదరిస్తాడు, పాపము ఒప్పుకొనేవానికి క్షమాపణ ప్రకటిస్తాడు. ఈ పని డాక్టరు చేయలేడు. డాక్టరు పని పాస్టరు చేయకూడదు. దొంగల చేత చిక్కి కొనప్రాణముతో పడిఉన్నవానిని మంచి సమరయుడు ఏమి చేశాడు? నూనె, ద్రాక్షారసము పోసి కట్లు కట్టాడు. తాను చేయగలిగినది చేసి, సత్రపువానికి అప్పగించాడు, ఖర్చు కూడా ఇచ్చాడు, మళ్లీ వస్తానన్నాడు. తగినవానికి అప్పగించడము చేతులు దులుపుకోవడము కాదు. అది కూడా పరిచర్యే.

ఇంకొక మాట. ఒంట్లో జబ్బు మనస్సు జబ్బులా కనబడవచ్చు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా మనిషి నీరసపడి దిగులుగా ఉంటాడు. అందుచేత ముందు మీ దగ్గరలోని ఎం.బి.బి.ఎస్. డాక్టరును కలిసి రక్తపరీక్ష చేయించుకోవడము మంచిది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవడము మాత్రము మంచిది కాదు. అవి అలవాటైపోతాయి.

ఇంట్లో భర్త కొడుతుంటే? "ఇద్దరినీ కూర్చోబెట్టి కౌన్సిలింగ్ ఇప్పిద్దాము" అనడము అక్కడ మొదటి పని కాదు. ఆమెకు, పిల్లలకు క్షేమము మొదటి పని. మహిళల సహాయవాణి 181. పిల్లల సహాయవాణి 1098. వ్రాసుకోండి.

3. లేచి వెళ్లుట

బర్తిమయి తన పైబట్ట పారవేసి, చటుక్కున లేచి ప్రభువు దగ్గరకు వెళ్లాడు. చూపు రాకముందే లేచాడు. అలా లేవడమే అతని విశ్వాసము. మీరు ఎటు లేచి వెళ్లాలో ఇప్పుడు చెబుతాను.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఫోనుతో మొదలుపెట్టండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అనే సేవను ప్రారంభించింది. నంబరు 14416. రెండవసారి చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. రాత్రైనా పగలైనా చేయవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులో మాట్లాడతారు. మీ బాధ విని, మీ ప్రాంతములో ఎక్కడికి వెళ్లాలో కూడా అడిగితే చెబుతారు.

రెండవది, ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు. గుంటూరు, కాకినాడ, కర్నూలు పెద్దాసుపత్రులలో, వరంగల్ ఎం.జి.ఎం.లో మానసిక వైద్య విభాగాలున్నాయి. విశాఖపట్నములోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ఇందుకోసమే ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. "ఎర్రగడ్డ" అంటే మనవాళ్లు నవ్వులాటగా వాడే మాటైపోయింది. సహోదరులారా, ఆ ఎగతాళి మానుకుందాము. మన ఎగతాళికి భయపడి అక్కడి ఓపీ గుమ్మము తొక్కనివారు మన సంఘములోనే ఉండవచ్చు.

ఇప్పుడు ఎంచుకోవడము గురించి. మీకు తగినవారు ఎవరు? నాలుగు గుర్తులు చెబుతాను.

మొదటిది దూరము. హైదరాబాదులో పేరుమోసిన డాక్టరును ఒకసారి చూసి, ఛార్జీలకు భయపడి మళ్లీ వెళ్లకపోవడము కంటే, ఒక బస్సు ప్రయాణములో ఉన్న డాక్టరును నెలనెలా చూడడము మేలు. ఈ చికిత్స ఒక్క ఇంజక్షనుతో అయ్యేది కాదు. కౌన్సిలింగ్ అయితే ఒక్కొక్కసారి 45 నిమిషాలనుండి గంట వరకు పడుతుంది, పలుమార్లు వెళ్లాలి. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు గుణము చూపించడానికి సాధారణంగా 2 నుండి 4 వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. అందుచేత మళ్లీ మళ్లీ వెళ్లగలిగిన చోటే మీకు తగిన చోటు.

రెండవది భాష. దిగులు, బెంగ, గాబరా, గుండెదడ, తల దిమ్ము, ఒళ్లంతా మంటలు. మన బాధలకు మన భాషలో పేర్లున్నాయి. చెన్నైలోనో, బెంగళూరులోనో, గల్ఫ్ దేశాలలోనో, అమెరికాలోనో ఉన్న తెలుగు బిడ్డలారా, ఉద్యోగము ఇంగ్లీషులో చేయగలిగినంత మాత్రాన ఏడుపు ఇంగ్లీషులో రాదు. ఇప్పుడు తెలుగు కౌన్సిలర్లు వీడియో కాల్‌లో కూడా మాట్లాడుతున్నారు. మందులు అవసరమైతే మాత్రము మీరున్న ఊరిలో ఒక డాక్టరు ఉండాలి.

మూడవది రహస్యము. మీరు చెప్పినది నాలుగు గోడలు దాటకూడదు. ఇది వారి దయాధర్మము కాదు, మీ హక్కు. ఇందాక చెప్పిన 2017 చట్టమే ఈ హక్కునిచ్చింది. ప్రాణాపాయము ఉన్నప్పుడు, పిల్లలపై లైంగిక అత్యాచారము జరిగినప్పుడు మాత్రము చెప్పవలసినవారికి చెప్పక తప్పదు. మంచి కౌన్సిలర్ ఈ సంగతి మొదటిరోజే వివరిస్తారు. మీ ముందు వేరొకరి సంగతులు పేర్లతో చెప్పేవారు, రేపు మీ సంగతి ఇంకొకరి ముందు చెబుతారు.

నాలుగవది గౌరవము. క్రైస్తవ కౌన్సిలరే కావాలా అని అడుగుతారు. క్రైస్తవుడై, శిక్షణ కూడా ఉంటే సంతోషము. కానీ శిక్షణ లేని విశ్వాసికంటే, మీ విశ్వాసమును గౌరవించే శిక్షణ గల అన్యమతస్థుడు ఈ పనికి తగినవాడు. దారిలో పడిఉన్న ఆ గాయపడినవాడు, కట్టు కడుతున్న సమరయునిది ఏ గుడి అని అడగలేదు. అయితే మీ ప్రార్థనే మీ రోగమని వెక్కిరించేవారు మీకు తగరు. మీ కులమును, మీ పేదరికమును చులకన చేసేవారు తగరు. స్త్రీలు స్త్రీ డాక్టరునో, స్త్రీ కౌన్సిలర్‌నో కోరుకుంటే అది న్యాయమైన కోరికే.

ఎటువంటివారి దగ్గరనుండి లేచి వచ్చేయాలో కూడా వినండి. వారములో గ్యారంటీగా బాగుచేస్తానని, డబ్బంతా ముందే కట్టమనేవారి దగ్గరనుండి లేచి రండి. డాక్టరు ఇచ్చిన మాత్రలు ఈ రోజే పారేయమనేవారి దగ్గరనుండి లేచి రండి, అది ప్రార్థన చేసే సేవకుడైనా సరే. మానసిక మందులు ఒక్కసారిగా ఆపితే రోగము తిరగబెట్టవచ్చు. తగ్గించవలసింది వ్రాసిన డాక్టరే. అక్కరలేని చోట చేయి వేసేవారి దగ్గరనుండి మారుమాట లేకుండా లేచి రండి, ఇంటివారికి చెప్పండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఒక కాగితము మీద నాలుగు సంగతులు వ్రాసుకుని వెళ్లండి. బాధ ఎప్పుడు మొదలైంది? నిద్ర, ఆకలి, పని ఎలా ఉన్నాయి? ఇప్పుడు వాడుతున్న మందులు ఏమిటి? ఇంట్లో మరెవరికైనా ఇలా వచ్చిందా? నమ్మకమైనవారిని ఒకరిని తోడు తీసుకువెళ్లండి. కానీ కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వమని అడగండి. అమ్మానాన్నల ముందు చెప్పలేనివి, భర్త ముందు చెప్పలేనివి ఉంటాయి. ఫీజు ఎంత, ఎన్నిసార్లు రావాలి, మందు అవసరమైతే ఎవరి దగ్గరకు పంపుతారు అని ముందే అడగండి. ఆరోగ్య బీమా ఉన్నవారు తమ పాలసీని కూడా చూసుకోండి. శరీర రోగాలకు ఎలా వర్తింపజేస్తారో మానసిక రోగాలకూ అదే ప్రాతిపదికన బీమా వర్తింపజేయాలని చట్టము చెబుతోంది.

మూడు నాలుగు సార్లు వెళ్లిన తరువాత మిమ్మును మీరు ప్రశ్నించుకోండి. ఈయన దగ్గర నేను నిజము చెప్పగలుగుతున్నానా? నేను చెప్పేది వింటున్నారా? ముందుకు ఏమి చేయాలో ఒక దారి చూపించారా? లేదనిపిస్తే ఆ మాట వారితోనే చెప్పండి. అప్పటికీ కుదరకపోతే వేరొకరిని చూసుకోండి. చెప్పు కరిచిందని నడక మానేస్తామా? వేరే చెప్పులు చూసుకుంటాము. "ఒకసారి వెళ్లాము, లాభము లేదు" అని ఇంట్లో కూర్చున్నవారికి ఈ మాట ప్రత్యేకముగా చెబుతున్నాను.

అయితే ఒక్క విషయములో మాత్రము తగినవారి కోసము ఆగకూడదు. మీ ఇంట్లో ఎవరైనా చనిపోతానని అంటే, అప్పగింతలు పెడుతున్నట్టు మాట్లాడుతుంటే, వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 108కి ఫోను చేయండి. 14416కి చేయండి. వారిని ఒంటరిగా విడువకండి. పురుగుమందు డబ్బా, మాత్రలు తాళము వేసి పెట్టండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగితే ఆ తలంపు పుడుతుందని భయపడకండి. అడిగినందువల్ల గుండె బరువు తగ్గుతుంది. పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టకండి. ప్రాణము తీసుకోబోయిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించక చికిత్స, సంరక్షణ ఇవ్వాలని 2017 చట్టము చెబుతోంది. ప్రార్థన తెల్లవారేదాకా ఇంట్లోనే చేయనక్కరలేదు. ఆంబులెన్సులో కూడా ప్రార్థన చేయవచ్చు. దేవుడు అక్కడా వింటాడు.

4. ధైర్యము చెప్పిన గుంపు

ప్రియులారా, ఈ కథలో నాకెంతో ఇష్టమైన సంగతి ఇది. నోరు మూసుకోమన్న ఆ గుంపే, ప్రభువు ఆగి అతనిని పిలవమనగానే మాట మార్చింది. భయపడకు, లే, నిన్ను పిలుస్తున్నాడు అని చెప్పింది. ప్రభువు ఆగితే గుంపు మారింది. మన సంఘము కూడా మారగలదు.

ఎలా మారాలి? మొదట మన ప్రార్థన కూటాల్లో జాగ్రత్తపడదాము. "ఫలానావారి కోడలికి మతి స్థిమితము లేదట, ప్రార్థించండి" అని పేరు పెట్టి చెబితే అది ప్రార్థన అంశము కాదు, ఊరంతా చాటింపు. ఆ కుటుంబము అనుమతి లేకుండా పేరు చెప్పవద్దు. రెండవది, "పెళ్లి చేస్తే అదే కుదురుతుంది" అనే సలహా ఎవరికీ ఇవ్వవద్దు. దానివల్ల కుదిరేది ఏమీ లేదు, ఇంకొక ఇంటి బిడ్డ జీవితము కూడా కన్నీటిపాలవుతుంది.

మూడవది, చేతనైన సహాయము చేద్దాము. ఒక సహోదరి ఓపీలో గంటలకొద్దీ కూర్చోవాలంటే ఇంట్లో పిల్లలకు అన్నము ఎవరు పెడతారు? స్త్రీల సమాజమువారు పెట్టవచ్చు. తోడు లేని వృద్ధునితో ఆసుపత్రికి ఒక యౌవనస్థుడు వెళ్లవచ్చు. కానుకలలోనుండి బస్సు ఛార్జీలు, మందుల ఖర్చు గుట్టుగా ఇవ్వవచ్చు. ఆసుపత్రిలో ఉన్నవారిని పరామర్శించడానికి పండ్లు పట్టుకుని వెళ్తాము గదా? మనస్సు బాగోలేనివారి ఇంటికి కూడా అలాగే వెళ్దాము. సలహాలు మూటగట్టుకుని వెళ్లవద్దు. కాసేపు పక్కన కూర్చుని వద్దాము.

తోటి సేవకులారా, మీతో కూడా ఒక మాట. మీ డైరీలో మీ జిల్లాలోని మానసిక వైద్యుని పేరు, ఫోను నంబరు వ్రాసిపెట్టుకోండి. వీలైతే ఒకసారి వెళ్లి పరిచయము చేసుకోండి. మీ దగ్గరకు వచ్చినవారిని పంపేటప్పుడు "డాక్టరు దగ్గరకు వెళ్లు" అని ఊరుకోక, "నేను తెలిసిన చోటికి పంపుతున్నాను, తిరిగి వచ్చాక కలుద్దాము" అని చెప్పండి. పంపివేయడానికి, అప్పగించడానికి తేడా ఉంది. మనము కూడా మంటి ఘటాలమే. సేవలో అలసి, నిద్రపట్టక, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతున్న సేవకులు నేడు ఈ ప్రసంగము వింటూ ఉండవచ్చు. అయ్యా, మీరు ఇతరులకు చెప్పే మాటే మీకూ వర్తిస్తుంది. భయపడకండి, లేవండి.

ఈ మాటలు వింటున్న మీలో ఎవరైనా 2 వారాలకు పైగా దిగులుతో, భయముతో, ఏ పనిమీదా మనస్సు నిలవక బాధపడుతుంటే, ప్రభువు మీ ముందు ఆగి ఉన్నాడు. నీకు ఏమి కావాలి అని అడుగుతున్నాడు. ఆయనకు చెప్పండి. ఆయనకు చెప్పిన అదే మాట ఈ వారములోనే ఒక మనిషికి కూడా చెప్పండి. ఇంట్లోవారికి గాని, పాస్టరు గారికి గాని, డాక్టరుకు గాని, 14416లో పలికే ఆ తెలియని సహోదరికి గాని చెప్పండి. తగినవారిని వెదకడము మీ ప్రార్థనకు విరోధము కాదు. మీ ప్రార్థనకు కాళ్లు రావడము అది.

ప్రార్థన చేసుకుందాము.

పరిశుద్ధుడవైన తండ్రీ, మా మనస్సులను కలుగజేసినవాడవు నీవే. నలిగినవారిని నీవు తృణీకరించవు. దిగులుతో మంచము పట్టినవారిని, నిద్రలేని కన్నులను, మాట బయటపెట్టలేని పిల్లలను, వారికోసము అలసిపోయిన తల్లిదండ్రులను నీ చేతికి అప్పగిస్తున్నాము. వారికి తగిన వైద్యులను, మంచి ఆలోచనకర్తలను చూపించుము. వైద్యులకు జ్ఞానమును, ఓపికను దయచేయుము. మా నోళ్లకు కావలి ఉంచుము. కసిరే గుంపుగా ఉన్న మమ్మును ధైర్యము చెప్పే గుంపుగా మార్చుము. యేసుక్రీస్తు ప్రభువు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.